గ్రీన్‌వుడ్ కోసం వెతకకండి, పెళ్లి కోసం వెతకండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తర్వాత చదివేవారి కోసం క్లుప్తంగా మళ్లీ చెబుతాను. మీ వారి ముత్తాత ఇంటిపేరు గ్రీన్‌వుడ్. రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోని వూన్‌సాకెట్‌లో బట్టల మిల్లులో పనిచేశాడు. ఇంట్లో ఫ్రెంచి తప్ప మాట్లాడేవాడు కాదు, పుట్టింది కెనడాలోని ఫ్రెంచి ప్రాంతమైన క్యుబెక్‌లో అని చెప్పుకునేవాడు. క్యుబెక్ రికార్డుల్లో మూడు నెలలు వెతికినా మీకు ఆ గ్రీన్‌వుడ్ దొరకలేదు. ఇంట్లో మిగిలిన ఆధారం ఒక్కటే, ఆయన అక్క వాడిన ఫ్రెంచి ప్రార్థన పుస్తకం. అట్ట లోపల సిరాతో "రోజ్-అల్మా బి." అని ఉంది. దాని కింద 12 అని, పక్కన ఏడు అంకెకు అంటించి ఏవో మూడు చిన్న అక్షరాలు, ఆ పక్కన 1889. అందరూ గ్రీన్‌వుడ్‌లే అయినప్పుడు ఈ "బి" ఎవరు, 1889 జూలై 12న ఏమి జరిగింది అని మీరు అడిగారు.

అమ్మా, మీ చేతిలో ఉన్నది మంచి ఆధారం. మీరు దాన్ని చిక్కుముడి అనుకుంటున్నారు గానీ, ముడి విప్పే కొస అదే.

ముందు తేదీ సంగతి. అది జూలై కాదు, సెప్టెంబర్. పాత ఫ్రెంచి రాతలో ఏడు అంకె వేసి పక్కన "బ్ర" అన్న అక్షరాలు చేరిస్తే సెప్టెంబర్ అని అర్థం. లాటిన్‌లో "సెప్తెమ్" అంటే ఏడు కదా, అందుకని. అలాగే ఎనిమిది అంకె అక్టోబర్, తొమ్మిది నవంబర్, రోమన్ పది డిసెంబర్. నెల సంఖ్యతో దీనికి సంబంధం లేదు. ఈ ఒక్క అలవాటు తెలియక జూలైలో పుట్టారు, ఆగస్టులో చచ్చిపోయారు అని తప్పుగా ఎక్కించిన వంశవృక్షాలు ఇంటర్నెట్‌లో కుప్పలు తెప్పలుగా ఉన్నాయి.

ఇక "బి". ఫ్రెంచిలో బ్వా అంటే అడవి లేదా కలప, వెర్ అంటే ఆకుపచ్చ. బ్వావెర్ అనే ఇంటిపేరు క్యుబెక్‌లో ఈనాటికీ బాగా వినిపిస్తుంది. దాన్ని ముక్కకు ముక్క ఇంగ్లీషు చేస్తే గ్రీన్‌వుడ్. మీ వారి ముత్తాత మిల్లు రిజిస్టర్లో గ్రీన్‌వుడ్ అయ్యాడు, ఆయన అక్క మాత్రం తన ప్రార్థన పుస్తకంలో బ్వావెర్‌గానే మిగిలిపోయింది. కాగితం చూడకుండా చెబుతున్న మాట కాబట్టి దీన్ని అంచనాగానే తీసుకోండి. కానీ నా అనుభవంలో ఇలాంటి అంచనా తప్పడం అరుదు.

1840 నుంచి 1930 వరకు క్యుబెక్ నుంచి సుమారు 9 లక్షల మంది అమెరికాకు వెళ్లారు. ఎక్కువమంది మసాచుసెట్స్‌లోని లోవెల్, ఫాల్ రివర్, న్యూ హాంప్‌షైర్‌లోని మాంచెస్టర్, మెయిన్‌లోని లూయిస్టన్, మీ వూన్‌సాకెట్ లాంటి మిల్లు ఊళ్లలో దిగారు. అక్కడ పేర్లు రెండు దారుల్లో మారాయి. ఒకటి, అర్థాన్ని అనువదించడం. ర్వా కాస్తా కింగ్ అయ్యాడు, లెబ్లాన్ వైట్ అయ్యాడు, షార్పాంతియే కార్పెంటర్ అయ్యాడు, లెవెక్ బిషప్ అయ్యాడు. కూర్తమాంష్ అనే మంచి పాత ఇంటిపేరును చొక్కాకు పొట్టి చెయ్యి అని విడదీసి షార్ట్‌స్లీవ్ చేసినవాళ్లున్నారు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన మార్పు అదే. రెండో దారి, చెవికి వినిపించినట్టు రాసుకోవడం. ఆర్షాంబో షాంబో అయింది, గోతియే గోకీ అయింది. బెన్వా అనే పేరును ఆ కాలపు క్యుబెక్ పల్లెల్లో బెన్వే అని పలికేవారు, గుమాస్తా అలాగే రాశాడు. ఆ ఇంగ్లీషు స్పెల్లింగులో పాత పల్లె ఉచ్చారణ ఈగ తేనెలో చిక్కుకున్నట్టు నిలిచిపోయింది. ఒకే తల్లి కడుపున పుట్టిన అన్నదమ్ముల్లో ఒకడు అనువాదానికి, ఇంకొకడు ఉచ్చారణకు, మూడోవాడు అసలు పేరుకు కట్టుబడిన ఇళ్లూ చూశాను.

సరే, బ్వావెర్ కోసం వెతుకుదామని మీరిప్పుడు కంప్యూటర్ ముందు కూర్చుంటారు. కూర్చోకండి. అదే నేను చేసిన తప్పు.

నేను మాంట్రియల్‌లో ముప్పై ఏళ్లకు పైగా ఉంటున్నాను. మా అల్లుడు ఇక్కడి పిల్లవాడు. మనవరాలిని బడిలో వంశవృక్షం గీసి తెమ్మంటే నా దగ్గరికి వచ్చింది. మా వైపు నాలుగో తరం దగ్గర నా జ్ఞాపకమూ అయిపోయింది, మా అన్నయ్య జ్ఞాపకమూ అయిపోయింది. అల్లుడి వైపు చూద్దామని మొదలుపెట్టాను. ఇంటిపేరు బోల్యూ. హాయిగా 1800 దాకా వెళ్లాను, అక్కడ గోడ తగిలింది. ఒక దంపతులకు పుట్టిన పిల్లల జ్ఞానస్నానాలు ఉన్నాయి, ఆ దంపతుల పెళ్లి మాత్రం ఎక్కడా లేదు. ఐదు నెలలు చుట్టుపక్కల పారిష్‌లన్నిటిలో (ఒక్కో చర్చి కిందికి వచ్చే ప్రాంతం పారిష్) బోల్యూల పెళ్లిళ్లు తిరగేశాను. చివరకు పాత రాతల గదిలో నా పక్క బల్ల దగ్గర కూర్చునే ఒక పెద్దావిడ నా కాగితం చూసి నవ్వి, "ఉడోన్ కింద చూశారా?" అని అడిగింది. పది నిమిషాల్లో దొరికింది. పెళ్లినాడు చర్చి గురువు ఉడోన్ అని రాశాడు, పిల్లల దగ్గరికి వచ్చేసరికి బోల్యూ అని రాశాడు. ఒకే మనిషి. ఆ వంశానికి మూలపురుషుడు పియెర్ ఉడోన్ ది బోల్యూ. 1676లో మరీ గొబేయ్‌ను పెళ్లాడి, రివియేర్-ఉయెల్ అనే ఊళ్లో స్థిరపడ్డాడు. ఆయన సంతతిలో కొందరు నేటికీ ఉడోన్‌లు, కొందరు బోల్యూలు.

ఈ "ది" అన్న చిన్న మాట అర్థమైతే క్యుబెక్ వంశచరిత్ర సగం అర్థమైనట్టే. రాతలో మూడు అక్షరాలుంటాయి, చివరి ట పలకదు. "అనబడే" అని అర్థం. మన భూమి దస్తావేజుల్లో "వెంకటయ్య ఉరఫ్ చిన్నయ్య" అని ఉంటుంది చూడండి, ఆ ఉరఫ్ లాంటిదే. తేడా ఏమిటంటే మన ఉరఫ్ ఆ మనిషితోనే పోతుంది. వాళ్లది ఇంటిపేరు పక్కన చేరి కొడుకులకూ మనవలకూ దిగుతుంది. కొన్ని తరాల తర్వాత అసలు పేరును తోసేసి తానే కూర్చుంటుంది, లేదా తానే రాలిపోతుంది. చాలా కుటుంబాలు ఏదో ఒకదాని మీద స్థిరపడింది 19వ శతాబ్దంలోనే. అప్పటిదాకా ఒకే మనిషి ఒక కాగితంలో ఒకటి, మరో కాగితంలో ఇంకొకటి, మూడోదాంట్లో రెండూ.

ఇవి ఎక్కడి నుంచి వచ్చాయంటే, మొదట చెప్పుకోవలసింది సైన్యం. 1665లో ఇరక్వా అనే ఆదివాసులతో పోరాడటానికి కారిన్యాన్-సాలియేర్ అనే రెజిమెంటు ఇక్కడి ఫ్రెంచి కాలనీ అయిన న్యూ ఫ్రాన్స్‌కు వచ్చింది, దాదాపు 1,200 మంది. పని పూర్తయ్యాక సుమారు 400 మంది ఇక్కడే ఉండిపోయారు. ఫ్రెంచి సైన్యంలో ఇంచుమించు ప్రతి సిపాయికీ ఒక మారుపేరు ఉండేది. సాన్‌సూసీ అంటే చింతలేనివాడు. జొలికెర్ అంటే చక్కని మనసువాడు. లఫ్లెర్ పువ్వు, లటులిప్ తులిప్ పువ్వు, ట్రాన్ష్‌మోంతాన్య్ అంటే కొండల్ని నరికేవాడు. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అన్న మన సామెత ఈ సాన్‌సూసీల అప్పుల పత్రాలు చదివినప్పుడల్లా గుర్తొస్తుంది. తర్వాతి వందేళ్లలో వచ్చిన సిపాయిలూ ఇవే పేర్లు పెట్టుకున్నారు. కాబట్టి ఇద్దరు లఫ్లెర్‌లు కలిస్తే చుట్టాలని అనుకోనక్కరలేదు. వాళ్ల పూర్వీకులిద్దరూ వేర్వేరు కంపెనీల్లో పువ్వులు, అంతే.

రెండో మూలం ఊరు, ప్రాంతం. నార్మాన్, పికార్, లాంజ్‌వాఁ (ఆంజూ నుంచి వచ్చినవాడు). క్యుబెక్ నగరంలో 1759లో ఇంగ్లీషువాళ్లకూ ఫ్రెంచివాళ్లకూ యుద్ధం జరిగిన మైదానాన్ని అబ్రహాం మైదానం అంటారు. అది అబ్రహాం మార్టిన్ అనే సామాన్యుడి పేరు మీద వచ్చింది. ఆయన మారుపేరు లెకొస్సే, అంటే స్కాట్లండువాడు. నిజంగా స్కాట్లండువాడేనా అన్న వాదన ఇంకా నడుస్తోంది.

మూడోది అన్నదమ్ముల మధ్య తేడా తెలియడానికి పెట్టుకున్నవి. నెత్తిన కొరివి పెట్టేవి ఇవే. బాటిస్కాన్ ప్రాంతపు రివార్ కుటుంబాన్ని చూడండి. ఆ ఒక్క ఇంటి నుంచి లావిన్య్, లోరాంజే, లానువెట్, డుఫ్రెన్, బెల్‌ఫేయ్ అనే పేర్లు పుట్టాయి. ఈ ఐదు పేర్లవాళ్లు ఒకరినొకరు పరాయివాళ్లనుకుంటూ పక్కపక్కనే బతికారు. దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ ట్రాంబ్లే. క్యుబెక్‌లో అన్నిటికన్నా ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు అదే, అయినా వాళ్లందరికీ మూలం ఒకే జంట. 1657లో క్యుబెక్‌లో పెళ్లాడిన పియెర్ ట్రాంబ్లే, ఒజాన్ అషోన్. వాళ్లకు 12 మంది పిల్లలు.

మీ బ్వావెర్ కూడా ఈ బాపతే. అది అసలు ఇంటిపేరుగా కన్నా మారుపేరుగానే ఎక్కువ. డెనెవెర్ ది బ్వావెర్ అని ఒక వంశం, జుబాఁ ది బ్వావెర్ అని వేరే వంశం. రెండిటికీ రక్తసంబంధం లేదు. మీవాళ్లు వీటిలో ఏదో, ఇంకొకటో బ్వావెర్ అన్న పేరు చెప్పదు. అందుకే శీర్షికలో ఆ మాట రాశాను.

పెళ్లి చెబుతుంది. ఎందుకంటే క్యుబెక్ కథోలిక చర్చిలో పెళ్లి నమోదు చేసేటప్పుడు వరుడి తల్లిదండ్రుల పేర్లూ వధువు తల్లిదండ్రుల పేర్లూ రాయడం మొదటి నుంచీ ఆచారం. తల్లుల పేర్లు కూడా పుట్టింటి పేర్లతోనే. ఒక పెళ్లి దొరికితే నలుగురు దొరుకుతారు. ఆ నలుగురూ రెండు పెళ్లిళ్లు. ఆ రెండూ దొరికితే ఎనిమిది మంది. ఇంటిపేరు మధ్యలో వేషం మార్చినా తల్లి పేరు పట్టేస్తుంది. ఉడోన్ బోల్యూ అయినా సరే, ఆయన పెళ్లాడిన ఆవిడ పుట్టింటి పేరు మారలేదు కదా. అందుకే వెతికేటప్పుడు ఎప్పుడూ జంటను వెతకండి, ఒంటి మనిషిని కాదు.

ఒక నమోదు ఎలా ఉంటుందో నమూనాగా తెలుగులో చెబుతాను. "1862 ఫిబ్రవరి 17న, మూడు ఆదివారాలు పూజలో ప్రకటన చదివిన మీదట, ఎవరూ అడ్డు చెప్పనందున, ఈ పారిష్‌కు చెందిన రైతు, ఫలానావారికీ కీర్తిశేషురాలు ఫలానా ఆమెకూ పుట్టిన మేజరు కొడుకు ఒక వైపు, పక్క పారిష్‌కు చెందిన ఫలానావారికీ ఫలానా ఆమెకూ పుట్టిన మైనరు కూతురు మరొక వైపు, క్రింద సంతకం చేసిన గురువునైన నేను వారి పరస్పర సమ్మతిని స్వీకరించి ఆశీర్వదించాను. వధూవరులు తమకు సంతకం రాదని చెప్పారు." ఇంతే, పది పన్నెండు పంక్తులు. కానీ ప్రతి మాటా పనికొస్తుంది. మన పెళ్లిపత్రికల్లో కీ.శే. వేసినట్టే అక్కడ చనిపోయినవారికి "ఫె" అనే మాట చేరుస్తారు. అన్న పెళ్లిలో ఆ మాట లేక, మూడేళ్ల తర్వాత తమ్ముడి పెళ్లిలో ఉంటే, తండ్రి ఆ మూడేళ్లలో పోయాడన్నమాట. మేజరు, మైనరు అన్నవి పుట్టిన సంవత్సరాన్ని బిగిస్తాయి. ఫ్రెంచి పాలన నాటికి మేజరు వయసు 25, తర్వాత 21. పారిష్ అంటే మన వరంగల్, గుంటూరు వైపు కథోలికులు విచారణ అంటారే, అదే. వధువు పారిష్‌లో పెళ్లి జరగడం మామూలు, కాబట్టి వెతుకులాట అక్కడ మొదలుపెట్టండి. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలంలో, ఈస్టరుకు ముందు నలభై రోజుల తపస్సు కాలంలో పెళ్లిళ్లు చేయరు. అందుకే నవంబర్, జనవరి, ఫిబ్రవరి నెలల పేజీలు పెళ్లిళ్లతో కిక్కిరిసి ఉంటాయి. పైగా వాళ్లంతా రైతులు, వేసవిలో తీరిక ఎక్కడిది?

ఇక్కడ మీకు కాస్త అసూయ పుట్టే సంగతి ఒకటి. ఈ రిజిస్టర్లు దాదాపు మొదటి నుంచీ మిగిలే ఉన్నాయి. క్యుబెక్ నగర చర్చి 1640లో తగలబడి పాత పుస్తకాలు కాలిపోతే, జనాన్ని అడిగి జ్ఞాపకం మీద మళ్లీ రాయించారు. తర్వాత ఫ్రెంచి రాజాజ్ఞల ప్రకారం ప్రతి పుస్తకానికీ రెండు ప్రతులు, ఒకటి చర్చిలో, రెండోది న్యాయస్థానంలో. ఒకచోట ఎలకలు కొట్టినా మరోచోట మిగిలింది. చర్చి పుస్తకాలే ప్రభుత్వ రికార్డులుగా 1993 చివరిదాకా నడిచాయి. 1994 జనవరి 1 నుంచి మాత్రమే ప్రభుత్వం తన సొంత నమోదు మొదలుపెట్టింది.

స్త్రీల పేర్ల విషయం మీ ప్రశ్నలో లేదు గానీ మీకు అవసరం. ఫ్రెంచి ఆచారంలో స్త్రీ పుట్టినప్పటి ఇంటిపేరుతోనే చనిపోతుంది. ఇరుగుపొరుగు మదాం ఫలానా అని భర్త పేరుతో పిలుస్తారు, అది పిలుపు మాత్రమే. జ్ఞానస్నానం, పెళ్లి, దస్తావేజు, సమాధి, అన్నిటిలోనూ పుట్టింటి పేరే. మధ్యలో 20వ శతాబ్దంలో ఇంగ్లీషు అలవాటు కొంత పాకింది. 1981 ఏప్రిల్ 2 నుంచి క్యుబెక్ చట్టం దాన్ని మళ్లీ కట్టడి చేసింది. అప్పటి నుంచి ఇక్కడ పెళ్లాడిన స్త్రీ భర్త ఇంటిపేరు తగిలించుకుందామన్నా కుదరదు. ఈ సంగతి తెలిసిన మన తెలుగు అత్తగార్ల ముఖాలు చూడాలి. పిల్లలకు తల్లి పేరైనా పెట్టవచ్చు, తండ్రి పేరైనా పెట్టవచ్చు, రెండూ కలిపి గీత పెట్టైనా ఇవ్వవచ్చు. ఈ మార్పు తర్వాత పుట్టిన ఒక తరం అంతా జంట ఇంటిపేర్లతో తిరుగుతోంది. వాళ్ల మనవల వంశవృక్షాలు రాసేవారికి దేవుడే దిక్కు.

అమెరికా వైపు మాత్రం ఇది తలకిందులు. సరిహద్దు దాటగానే స్త్రీ భర్త పేరులో మునిగిపోతుంది. కాబట్టి మీ వారి నాయనమ్మలు, ముత్తవ్వల పుట్టింటి పేర్లు వూన్‌సాకెట్‌లోనే తేల్చుకుని కదలండి. పురపాలక కార్యాలయం నమోదులో గ్రీన్‌వుడ్ అని ఉంటుంది. అదే పెళ్లి అదే రోజున అక్కడి ఫ్రెంచి పారిష్ పుస్తకంలో బ్వావెర్ అని ఉండే అవకాశం ఎక్కువ. ఆ పారిష్‌లలో గురువులు ఎక్కువగా క్యుబెక్ నుంచి వచ్చినవారే, క్యుబెక్ పద్ధతిలోనే తల్లిదండ్రుల పేర్లతో సహా రాసేవారు. మీ అదృష్టం ఏమిటంటే అమెరికన్-ఫ్రెంచ్ జెనియలాజికల్ సొసైటీ 1978 నుంచి వూన్‌సాకెట్ చుట్టుపక్కలే పనిచేస్తోంది, వాళ్ల గ్రంథాలయంలో ఈ పెళ్లిళ్ల సంకలనాలున్నాయి. అది కాక 1900, 1910 జనగణనల్లో వలస వచ్చిన సంవత్సరం ఉంటుంది. 1895 తర్వాత దాటినవారైతే వెర్మాంట్‌లోని సెయింట్ ఆల్బన్స్ పేరుతో ఉన్న సరిహద్దు జాబితాల్లో పుట్టిన ఊరు కూడా దొరకవచ్చు. మీ వారి ముత్తాత 1889 నాటికే అక్కడ ఉన్నట్టుంది కాబట్టి ఆ జాబితా మీద ఆశ పెట్టుకోకండి.

పేర్లలో ఇంకొక ఉచ్చు ఉంది. 19వ శతాబ్దంలోనూ ఆ తర్వాతా జ్ఞానస్నానంలో దాదాపు ఆడపిల్లలందరికీ మొదటి పేరు మరీ, దాదాపు మగపిల్లలందరికీ జోసెఫ్. రెండో పేరు తరచుగా జ్ఞానస్నానంలో బిడ్డకు పూచీగా నిలిచే జ్ఞానతల్లిదో జ్ఞానతండ్రిదో. ఇంట్లో పిలిచే పేరు చిట్టచివరిది. కాబట్టి మీ రోజ్-అల్మా చర్చి పుస్తకంలో "మరీ" తర్వాత జ్ఞానతల్లి పేరు, ఆ తర్వాత రోజ్-అల్మా అని ఉండవచ్చు. సూచికలో మరీ కింద మాత్రమే చేర్చి ఉంటే మీరు వంద మంది మరీల్ని దాటాలి. పసివయసులో పోయిన బిడ్డ పేరునే తర్వాత పుట్టిన బిడ్డకు పెట్టడం కూడా అక్కడ మామూలే. జ్ఞానస్నానం దొరికిందని సంబరపడకుండా, వెనువెంటనే ఆ బిడ్డ ఖననం ఏమైనా ఉందా అని రెండు మూడేళ్ల పేజీలు తిప్పండి. లేకపోతే చచ్చిపోయిన పసిబిడ్డకు పెళ్లి చేసినవారవుతారు. ఇది వేళాకోళం కాదు, నేను సరిదిద్దిన వంశవృక్షాల్లో ఎక్కువ తప్పులు ఇలాంటివే.

మన తెలుగువాళ్లకు సరదాగా ఉండే భాగం బంధుత్వ మినహాయింపులు. మనకు మేనరికం వరసైన సంబంధం. కథోలిక చర్చికి అది నిషేధం. అన్నాచెల్లెళ్ల పిల్లలు రెండో మెట్టు, వాళ్ల పిల్లలు మూడో మెట్టు, ఆ పిల్లల పిల్లలు నాలుగో మెట్టు. ఆ కాలంలో నాలుగో మెట్టు దాకా పెళ్లికి బిషప్ అనుమతి కావలసి వచ్చేది. చిన్న చిన్న ఊళ్లలో రెండు వందల ఏళ్లు అవే కుటుంబాలు ఇచ్చిపుచ్చుకుంటే అడుగడుగునా ఆ అనుమతే. పెళ్లి నమోదులో "మూడు నుంచి నాలుగో మెట్టు రక్తసంబంధానికి మినహాయింపు పొందారు" అని ఉంటుంది. అంటే ఒకరి ముత్తాతా ముత్తవ్వా, ఇంకొకరి ముత్తాతకో ముత్తవ్వకో తల్లిదండ్రులూ ఒకే జంట. ఎటు వెళ్లాలో తెలియక నిలబడ్డప్పుడు ఈ ఒక్క వాక్యం చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది. మీరు గీసిన వృక్షంలో ఆ లెక్క సరిపోకపోతే ఎక్కడో తప్పు మనిషిని ఎక్కించారన్నమాట. డీఎన్‌ఏ పరీక్షలో మీ వారికి వేలమంది దూరపు చుట్టాలు కనిపించడానికీ ఇదే కారణం. నాలుగైదు దారుల్లో చుట్టరికం ఉన్నవాళ్లను ఆ లెక్కలు దగ్గరి చుట్టాలుగా చూపిస్తాయి. వాటిని చూసి తొందరపడవద్దు.

ఎక్కడ వెతకాలంటే: ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైటులో క్యుబెక్ కథోలిక పారిష్ పుస్తకాల చిత్రాలు 1621 నుంచి ఉన్నాయి, ఉచితం. ద్రువాఁ సంస్థ 1940 ప్రాంతాల్లో ఫిల్ము తీసిన రిజిస్టర్లు చందా కట్టి చూడవచ్చు. అవి స్పష్టంగా ఉంటాయి, సూచికలూ మంచివి. 1800కు ముందు కాలానికి మాంట్రియల్ విశ్వవిద్యాలయం 1966లో మొదలుపెట్టిన జనాభా చరిత్ర పరిశోధన పథకం ఉంది. వాళ్లు ప్రతి జ్ఞానస్నానం, పెళ్లి, ఖననం ఒకదానికొకటి కలిపి, ఏ మారుపేరు ఏ కుటుంబానిదో తేల్చిపెట్టారు. ఈ మారుపేర్ల గొడవకు అంతకన్నా మంచి మందు లేదు. సిప్రియెన్ తాంగే అనే గురువు 1871 నుంచి 1890 దాకా 7 సంపుటాల వంశనిఘంటువు వేశాడు. ఒంటిచేత్తో చేసిన మహత్కార్యం. కానీ తప్పులున్నాయి, దాన్ని ఆఖరి మాటగా తీసుకోకండి. 1730 దాకా అయితే రెనె జెట్టే నిఘంటువు నమ్మదగినది.

పెళ్లి ఎక్కడా దొరకకపోతే నోటరీ కాగితాలు చూడండి. చర్చికి వెళ్లడానికి ముందే చాలా జంటలు నోటరీ దగ్గర ఒప్పందం రాసుకునేవారు. చదువు రాని రైతు కూడా రాయించుకునేవాడు. నాకైతే అసలు రుచి ఇక్కడే. భార్యో భర్తో పోయాక ఇంట్లో సామానంతా లెక్కగట్టి రాసిన జాబితా ఒకటి చదివితే తెలుస్తుంది. కాడ విరిగిన ఇనుప పెనం, ఈకల పరుపు, ముసలి ఆవు, పనిచేయని తుపాకీ, పక్కింటివాడు బాకీపడ్డ గోధుమలు. పెళ్లి నమోదు పేరు చెబుతుంది, ఈ జాబితా మనిషిని చూపిస్తుంది. క్యుబెక్ జాతీయ గ్రంథాలయం, అభిలేఖాగారం వెబ్‌సైటులో వీటిలో చాలా భాగం ఉచితంగా చూడవచ్చు.

మీ వృక్షంలో ఎక్కడైనా 1663-1673 మధ్య వచ్చిన స్త్రీ తగిలితే ఆశ్చర్యపోకండి. మగవాళ్లు ఎక్కువ, ఆడవాళ్లు తక్కువ ఉన్న ఆ కాలనీకి పద్నాలుగో లూయీ ఖర్చు పెట్టి పంపించిన పెళ్లికాని అమ్మాయిలు సుమారు 770 మంది. రాజుగారి కూతుళ్లు అని వారికి పేరు. రాజవంశం అనుకుని మురిసిపోయేవారున్నారు, కాదు. వాళ్లలో చాలామంది అనాథలు, పేదింటి పిల్లలు. 1666లో రాజు నియమించిన పరిపాలనాధికారి జాఁ తాలోన్ జనాభా లెక్కిస్తే కాలనీ మొత్తం 3,215 మంది తేలారు. అంత చిన్న గుంపు నుంచి ఇంతమంది వచ్చారు కాబట్టే అందరూ అందరికీ చుట్టాలు.

ఎవరైనా బ్వావెర్ వంశ చిహ్నం, డాలూ కిరీటమూ వేసి అమ్మజూపితే కొనకండి. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునే వ్యాపారం అది. పేరు ముందు "ద" ఉంటే జమీందారీ వంశం అన్నమాట కూడా నమ్మవద్దు. చాలాసార్లు అది ఊరి పేరు ముందు వచ్చే "నుంచి" మాత్రమే.

దారిలో అకేడియన్ పూర్వీకులు, అంటే ఇప్పటి నోవా స్కోషియా వైపు స్థిరపడ్డ ఫ్రెంచివారు, తగిలితే మాత్రం పద్ధతి మార్చాలి. 1755 నుంచి ఇంగ్లీషువాళ్లు వారిని ఊళ్ల నుంచి తరిమేసినప్పుడు చర్చి పుస్తకాలు చాలా పోయాయి. గ్రాన్-ప్రే పుస్తకాలను కొందరు వెంట తీసుకువెళ్తే అవి లూసియానాలో తేలాయి. అది వేరే కథ, అవసరమైతే అప్పుడు అడగండి.

మీరు ఇప్పుడు చేయవలసింది ఇది. ఆ ప్రార్థన పుస్తకంలో మొదటి, చివరి పేజీల మధ్య చిన్న కార్డులు ఏమైనా ఇరుక్కున్నాయేమో చూడండి. నల్ల అంచు, ఒక ఫోటో, కింద ప్రార్థన ఉంటాయి. చనిపోయినవారి జ్ఞాపకార్థం పంచేవారు, వాటి మీద పుట్టింటి పేరు ఉండవచ్చు. తర్వాత వూన్‌సాకెట్‌లో ముత్తాత పెళ్లి పారిష్ పుస్తకంలో తీయించండి, పురపాలక నకలు కాదు. అందులో ఆయన తల్లి పేరు చూడండి, తండ్రి పేరు కన్నా ముందు. ఆ పేజీ ఫోటో తీసి ఇక్కడ పెడితే చేతిరాత చదివి పెడతాను. గీతలు గజిబిజిగా ఉన్నా ఫరవాలేదు, మసకగా మాత్రం తీయకండి.